ముందు రబ్బరు, తర్వాతే స్ప్రింగులు

పాత స్పోర్ట్స్ కారు మలుపుల్లో వెనక భాగం నమ్మకంగా లేదు, గతుకు తగిలితే తోక పక్కకి జరిగినట్టుంటోంది అని ఎవరన్నా అంటే చాలు, విన్నవాళ్ళు చెప్పే మందు ఒకటే. షాకులు (షాక్ అబ్జార్బర్లు), స్ప్రింగులు పీకేసి మంచి కాయిలోవర్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసొచ్చే) సెట్ వేసెయ్, బండి కొత్తదైపోతుంది. మొన్న మా ఫ్రెండ్ ఒకడు సరిగ్గా అదే చేయబోయాడు. వాడిది మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5. 1989లో వచ్చి 1997 దాకా తయారైన ఆ చిన్న రెండు సీట్ల బండి అంటే నాకూ ప్రాణం, నా దగ్గరున్నదీ అదే. పెట్టె తెప్పించుకుని, వెనక వైపు ఇంట్లోనే మార్చేద్దాం, సాయం రారా అని ఫోన్ చేశాడు. బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు తొడుగులు) కూడా తెప్పించావా అని అడిగాను. "అవి కంపెనీవేరా, బానే ఉన్నాయిగా. ఆ రబ్బరు ముక్కలకి అంత సీనుందా?" అన్నాడు.

ఉంది. ఫోన్లో చెప్పగలిగినంత చెప్పాను, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇరవై ముప్పై ఏళ్ళు దాటిన కారుకి వెనక సస్పెన్షన్ మార్చడమంటే ముందు రబ్బరు బుష్‌లు మార్చడం. స్ప్రింగులు, షాకులు ఆ తర్వాతి సంగతి. ఇంకో మాట కూడా అంటాను, దీనితో చాలామంది ఒప్పుకోరని తెలిసే అంటున్నాను: ఈ పనికి వర్క్‌షాపు కంటే ఇల్లే మంచిది, చివర్లో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఒక్కటి తప్ప.

ఎవరి పని ఏంటి

స్ప్రింగు బరువు మోస్తుంది. షాకు ఆ స్ప్రింగు ఊగిసలాటని అణుస్తుంది. కానీ చక్రం ఏ కోణంలో నిలబడాలి, ఎటువైపు చూడాలి అనేది ఆ రెంటి చేతుల్లోనూ లేదు. అది ఆర్మ్‌ల (చక్రాన్ని బండికి కలిపే లోహపు చేతుల) పని, ఆ ఆర్మ్‌లు ఛాసీకి (బండి చట్రానికి) తగులుకునే చోట ఉన్న బుష్‌ల పని. బుష్ మెత్తబడి చిరిగిందంటే మీరు ఎంత ఖరీదైన షాకు వేసినా చక్రం తన ఇష్టమొచ్చినట్టు తిరుగుతూనే ఉంటుంది. తలుపు బందులు ఊడిపోతుంటే కొత్త గడియ బిగించుకున్నట్టు.

ఎంత తిరుగుతుంది అని అడుగుతారు, లెక్క వేసి చూద్దాం. ఒక ఆర్మ్‌కి లోపలి వైపు రెండు బుష్‌లు ఉన్నాయి, వాటి మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకోండి. బ్రేక్ వేసినప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో అందులో ఒకటి 1 మిల్లీమీటరు జరిగితే ఆర్మ్ దాదాపు 0.19 డిగ్రీలు తిరుగుతుంది. 185/60ఆర్14 టైరు వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు. అంటే టైరు ముందంచుకీ వెనకంచుకీ మధ్య తేడా దగ్గర దగ్గర 2 మిల్లీమీటర్లు. వెనక చక్రాలకి మామూలుగా పెట్టే టో-ఇన్ (చక్రాల ముందంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) మొత్తమే కొన్ని మిల్లీమీటర్లు. ఆ టో-ఇన్ కాస్తా మలుపు మధ్యలో మాయమైపోయి టో-అవుట్ (ముందంచులు బయటికి తిరగడం) అయితే, బండి వెనక భాగం మనకంటే ముందే తిరగాలని చూస్తుంది. డ్రైవరుకి వెన్నులో చలి పుట్టేది అక్కడే. షాకులు పోతే బండి ఊగుతుంది, గతుకు దాటాక కూడా ఎగురుతూ ఉంటుంది, అది వేరే రోగం. బుష్‌లు పోతే బండి మాట వినదు. ఈ రెండు లక్షణాలనీ కలిపేసి ఒకే మందు రాయడం వల్లే ఇంత డబ్బు వృథా అవుతోంది.

రబ్బరు అంటే ఏదో శబ్దం రాకుండా మధ్యలో కుక్కిన దిండు అని చాలామంది అనుకుంటారు. దాన్ని తయారుచేసినవాళ్ళు అలా అనుకోలేదు. 1977లో వచ్చిన పోర్షే 928 వెనక సస్పెన్షన్‌కి వైసాక్ యాక్సిల్ అని పేరు. మలుపులో డ్రైవరు ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలేస్తే మామూలు సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రానికి ముందు, కాస్త ఏటవాలుగా తగులుకునే ఆర్మ్) ఉన్న బండికి వెనక చక్రాలు టో-అవుట్ వైపు పోతాయి, తోక జారుతుంది. 928లో ముందరి మౌంటింగ్‌ని ఎలా కదలనిచ్చారంటే ఆ బలానికే చక్రాలు టో-ఇన్ వైపు వస్తాయి, బండి నిలదొక్కుకుంటుంది. 1985లో వచ్చిన రెండో తరం మాజ్డా ఆర్‌ఎక్స్-7 వెనక హబ్బుల్లో (చక్రం బిగించే మధ్య భాగాల్లో) కూడా ఇలాంటి తెలివే ఉంది, పక్కకి లాగే బలం పెరిగేకొద్దీ చక్రం కాస్త దారి మార్చుకునేలా బుష్‌లతోనే ఏర్పాటు చేశారు. అంటే ఎంత బలానికి రబ్బరు ఎంత వంగాలి అనేది కూడా డిజైన్‌లో భాగం. ఆ రబ్బరు ముప్పై ఏళ్ళకి ఎండి, బీటలు వారి, చిరిగిపోయాక ఇంజనీరు పెట్టిన ఏర్పాటే మనకి ఎదురు తిరుగుతుంది. ఆర్‌ఎక్స్-7 వాళ్ళు చాలామంది ఆ బుష్‌లు తీసేసి కదలని లోహపు బుష్‌లు వేసుకునేది ఇందుకే, వాళ్ళని నేను తప్పు పట్టను.

ఇక గట్టి స్ప్రింగుల సంగతి. చిరిగిన బుష్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే పరిస్థితి మెరుగవదు, దిగజారుతుంది. ఇంతకుముందు గతుకు దెబ్బలో ఎక్కువ భాగం స్ప్రింగు నలిగి మింగేసేది. ఇప్పుడు స్ప్రింగు అంత తేలిగ్గా నలగదు కాబట్టి ఆ బలం నేరుగా ఆర్మ్‌లకీ బుష్‌లకీ పోతుంది. రబ్బరు మీద భారం ఇంకా పెరుగుతుంది. కొత్త షాకు పక్కనే ఉన్నా ఆ రబ్బరు కదలికని అది అణచలేదు. బండి గట్టిగా, కిందికి దిగి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మలుపులో మాత్రం అదే అపనమ్మకం.

"తక్కువ తిరిగిన బండి" అనే వాదన

మా ఫ్రెండ్ రెండో వాదన ఇదే. మీటరు మీద కిలోమీటర్లు తక్కువున్నాయి, బండి ఎప్పుడూ షెడ్డులోనే ఉంది, బుష్‌లు ఎందుకు పోతాయి అని. షాకుల విషయంలో ఈ మాటకి కొంత అర్థముంది, అవి పని చేసిన కొద్దీ అరుగుతాయి. రబ్బరు మాత్రం ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, వేడి, ఎక్కడో డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి ఇంజను బలం పంచే గేర్ల పెట్టె) సీలు నుంచి కారిన నూనె, ఇవన్నీ దాన్ని తింటూనే ఉంటాయి. పైగా ఏళ్ళ తరబడి కదలకుండా నిలబెట్టిన బండికి బుష్‌లు ఒకే వైపు నొక్కుకుపోయి అలాగే ఉండిపోతాయి, లోపలి స్లీవ్ (బోల్టు దూరే ఇనుప గొట్టం) మధ్యలో ఉండాల్సింది ఒక పక్కకి దిగిపోతుంది. స్పోర్ట్స్ కార్లు సరిగ్గా ఇలాంటి బతుకే బతుకుతాయి, ప్రేమగా కప్పి ఉంచిన బండికి ఎక్కువ ప్రమాదం.

అయితే నాకూ ఒక అనుమానం ఉంది, దాన్ని దాచుకోను. తోక ఊగిన ప్రతిసారీ తప్పు బుష్‌లదే అని ఎలా చెప్తాం? చెప్పలేం, చూడాలి. తెలిసినాయన ఒకరి కారు ఇలాగే వెనక జారుతోందంటే వెళ్ళి చూశాను. టైరు మీద పూల గాట్లు నిండుగా ఉన్నాయి, అరుగుదల లేదు. పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది కదా, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ అంకెలు చదివితే ఆ టైర్లు ఎప్పుడో రిటైర్ కావాల్సినవని తెలిసింది, గోరు గుచ్చితే రాయిలా ఉన్నాయి. టైర్లు మార్చారు, సగం సమస్య పోయింది. కాబట్టి ముందు టైర్లు, గాలి, ఆ తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి హబ్ బేరింగు చూడాలి. ఇవి బాగుంటే అప్పుడు బుష్‌ల దగ్గరికి రావాలి. పొడుగాటి రాడ్డు ఒకటి ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కితే మంచి బుష్ బిర్రుగా కాస్త కదిలి, వదలగానే వెనక్కి వస్తుంది. పోయిన బుష్ ముందు తేలిగ్గా జరిగి ఆ తర్వాత ఠక్కున లోహానికి తగులుతుంది. ఆ ఠక్కుమన్న దెబ్బ చేతికి తెలుస్తుంది. పైపైన సన్నటి బీటలు కనిపించినంత మాత్రాన బుష్ పోయినట్టు కాదు, చాలా బుష్‌లకి చర్మం మీద ముడతలుంటాయి, లోపల గట్టిగానే ఉంటాయి. రబ్బరు స్లీవ్‌ని వదిలి ఊడివచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

బోల్టు తిరిగి వెనక్కొస్తే

ఇప్పుడు అసలు పని. ఎమ్‌ఎక్స్-5కి ముందూ వెనకా డబుల్ విష్‌బోన్లే (ప్రతి చక్రానికీ పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్). వెనక కింది ఆర్మ్ లోపలి చివర్లకి రెండు ఎక్సెంట్రిక్ బోల్టులుంటాయి (మధ్య నుంచి పక్కకి జరిగిన వాషరున్న బోల్టులు), అలైన్‌మెంట్ వాళ్ళు టో, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో ఆ కోణం) సరిచేసేది వాటిని తిప్పే. బయటి చివర హబ్ అప్‌రైట్ (హబ్‌ని పట్టుకునే నిలువు ముక్క) కింది నుంచి ఒక పొడుగాటి బోల్టు ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయి ఉంటుంది. ఈ బండి విప్పినవాళ్ళెవరికైనా ఆ బోల్టు పేరెత్తితే ముఖం మారిపోతుంది. డాట్సన్ 240జెడ్ వాళ్ళకి ఇలాంటిదే స్పిండిల్ పిన్ అని ఉంటుంది, వెనక కింది ఆర్మ్‌ని హబ్ హౌసింగ్‌కి పట్టి ఉంచే పొడుగు పిన్ను. తుప్పుతో అది హౌసింగ్‌లో అతుక్కుపోవడం అందరికీ తెలిసిన బాధే.

తుప్పు పట్టిన ఎక్సెంట్రిక్ బోల్టు ఎలా దొరికిపోతుందో చెప్తాను. నట్టు వదులైపోతుంది, హమ్మయ్య అనుకుంటాం. బోల్టు తలకి పానా పెట్టి తిప్పితే అదీ తిరుగుతుంది, కాకపోతే కాస్త తిరిగాక బరువెక్కుతుంది. పానా మీద చెయ్యి తీయగానే బోల్టు మెల్లగా వెనక్కి తిరిగి మొదట ఉన్నచోటికే వచ్చి ఆగుతుంది. అంటే బోల్టు తిరగలేదన్నమాట. అది బుష్ లోపలి ఇనుప స్లీవ్‌కి అతుక్కుపోయింది, మనం తిప్పింది రబ్బరుని. ఇంకా గట్టిగా తిప్పితే రబ్బరు చిరుగుతుంది తప్ప బోల్టు రాదు. బుష్‌లు ఎలాగూ మార్చేద్దాం అనుకున్నవాడికి దీనితో ఇబ్బంది లేదు. కొత్త షాకులు మాత్రమే వేసి అలైన్‌మెంట్ చేయిద్దాం అనుకున్నవాడికి ఇక్కడే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఆ బోల్టు తిరగని బండికి వెనక అలైన్‌మెంట్ చేసే మార్గమే లేదు. మా ఫ్రెండ్‌కి నేను చెప్పిన అన్నిటికంటే పెద్ద కారణం ఇది. కొత్త స్ప్రింగులతో బండి ఎత్తు తగ్గాక టో, క్యాంబర్ మారతాయి, సరిచేయాలంటే ఆ బోల్టులు కదలాలి, అవి కదలాలంటే బుష్‌ల దగ్గరికి రావాల్సిందే. పైగా షాకు బయటికి రావడానికి చోటు చేయాలన్నా చాలాసార్లు ఆర్మ్ బోల్టు ఒకటి ఊడదీయక తప్పదు. ఎలాగూ అక్కడిదాకా వెళ్ళాం.

నేను నా బండికి చేసిన పద్ధతి ఇది. పని మొదలుపెట్టడానికి చాలా ముందు నుంచే ప్రతి బోల్టు మీదా తుప్పు వదిలించే ఆయిల్ పోయడం, వదిలేయడం, మళ్ళీ పోయడం. విప్పేముందు ఎక్సెంట్రిక్ వాషర్ ఎక్కడుందో బ్రాకెట్ మీద పెయింట్‌తో గీత పెట్టుకోవడం. అతుక్కుపోయిన బోల్టుని వైర్ బ్రష్‌తో తోమి, నట్టుని బోల్టు చివరకి సమంగా తిప్పి ఉంచి దాని మీద సుత్తితో చిన్న దెబ్బలు వేయడం, బోల్టు మర పాడవకుండా. వచ్చినవి వచ్చాయి. రానివాటికి స్లీవ్ చివరకీ బ్రాకెట్‌కీ మధ్య సందులో సన్నటి రంపం బ్లేడు దూర్చి రెండు పక్కలా కోయడమే. కోసేటప్పుడు బ్లేడు బ్రాకెట్‌ని తాకకుండా చూసుకోవాలి, అది ఛాసీ భాగం, బోల్టులా కొత్తది కొనుక్కునేది కాదు. కొత్త బోల్టులు ముందే తెప్పించుకుని పెట్టుకున్నవాడికి ఈ కోతలో టెన్షన్ ఉండదు.

ఆర్మ్ బయటికి వచ్చాక పాత బుష్‌ని తీయడం ఓపిక పని. హైడ్రాలిక్ ప్రెస్ లేకపోయినా మరలున్న పొడుగాటి రాడ్డు, రెండు గట్టి నట్లు, ఒక పక్క బుష్ బయటి అంచుకి సరిపోయే సాకెట్టు, ఇంకో పక్క బుష్ జారిపడేంత వెడల్పు గొట్టం, ఇవి చాలు. నట్టు తిప్పేకొద్దీ బుష్ వెంట్రుకవాసి చొప్పున కదులుతుంది. మొండికేస్తే మధ్యలో రబ్బరుని డ్రిల్లుతో తొలిచి తీసేసి, మిగిలిన బయటి ఇనుప చుట్టులో హ్యాక్‌సా బ్లేడుతో ఒక గాడి కోసి లోపలికి మడవాలి. బ్లేడు దాన్ని దాటి ఆర్మ్ దాకా పోయే లోపు ఆగాలి, లోహం రంగు, శబ్దం రెండూ మారతాయి, చెవి పెట్టి వినాలి. కొంతమంది రబ్బరుని మంట పెట్టి కాల్చేస్తారు. వెనక సస్పెన్షన్ అంటే పెట్రోలు ట్యాంకు పక్కనే పని, ఆర్మ్ బయట పెట్టి కాల్చినా ఆ పొగ పీల్చదగ్గది కాదు. నేనైతే చేయను. కొన్ని బుష్‌లకి రబ్బరులో ఒక పక్క ఖాళీలు వదిలి ఉంటాయి, ఏ పక్క మెత్తగా ఉండాలో అది చెప్తుంది. తీసేముందు ఆ ఖాళీ ఎటు ఉందో ఆర్మ్ మీద గీత పెట్టుకోకపోతే కొత్తది ఎటు పెట్టాలో తెలియక జుట్టు పీక్కోవాలి. కొత్త బుష్‌ని రాత్రంతా ఫ్రీజర్లో పెడితే ఇనుప చుట్టు కాస్త ముడుచుకుని తేలిగ్గా ఎక్కుతుంది.

ఇల్లే ఎందుకు

వర్క్‌షాపు వాళ్ళకి పనితనం లేదని నేననడం లేదు. నాకంటే వందరెట్లు బాగా తెలిసినవాళ్ళుంటారు అక్కడ. వాళ్ళ దగ్గర లేనిది తీరిక. గంటల లెక్కన నడిచే చోట ఒక బోల్టుకి ఆయిల్ పోసి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని బండిని లిఫ్ట్ మీద ఉంచలేరు, ఉంచితే మీకే బిల్లు పెరుగుతుంది. అందుకని ఏది వేగంగా అవుతుందో అది చేస్తారు. నాకు తెలిసిన ఒకరి బండికి ఒక వర్క్‌షాపులో జామైన బోల్టుని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి తీశారు. బోల్టు వచ్చింది. ఆ వేడికి అదే ఆర్మ్ రెండో చివర ఉన్న బుష్ ఉడికిపోయింది, అది ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళకి ఆ పక్క టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోతుంటే అప్పుడు కనిపెట్టాం.

బిగింపు దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కంపెనీ రబ్బరు బుష్‌లో లోపలి స్లీవ్ బోల్టు బిగించగానే బ్రాకెట్‌కి అదుముకుపోతుంది, ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు మెలి తిరిగేది రబ్బరే. ఇప్పుడు బండి స్టాండ్ల మీద ఉంది, చక్రం గాల్లో వేలాడుతోంది, ఆ స్థితిలో బోల్టు బిగించేశారనుకోండి. బండి నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. రోజంతా, రాత్రంతా, బండి కదలకపోయినా మెలిలోనే. కొత్త బుష్ త్వరగా చిరగడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు, బండి ఎత్తు కూడా తేడాగా కూర్చుంటుంది. అందుకే బండి ఎత్తకముందే హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోవాలి. అన్నీ వదులుగా అమర్చాక కింది ఆర్మ్ బయటి చివర జాకీ పెట్టి మళ్ళీ అదే కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానాతో) బిగించాలి. కొత్త స్ప్రింగులతో బండి ఎత్తు మారుతుందంటే ఆ కొత్త ఎత్తుకి. ఈ ఒక్క పనికి ఒక్కో చక్రం దగ్గర కాస్త సమయం పడుతుంది, తొందరలో ఉన్నవాళ్ళు వదిలేసేది సరిగ్గా దీన్నే. చేశారో లేదో బయటి నుంచి చూసి చెప్పలేం. మన బండికి మనం చేసుకుంటే మాత్రం మనకి తెలుస్తుంది.

పాత పోర్షే 911 వాళ్ళకి ఓపిక గురించి నేను చెప్పక్కర్లేదు. 1989 దాకా వాటి వెనక స్ప్రింగు అంటే టోర్షన్ బార్, మెలి తిరిగే ఉక్కు కడ్డీ. దాని లోపలి చివర 40 పళ్ళు, బయటి చివర 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను వెనక్కి జరిపితే సుమారు 8.2 డిగ్రీలు, రెండూ కలిపితే మిగిలే తేడా ఒక డిగ్రీ కంటే తక్కువ. బండి ఎత్తు సరిచేయడమంటే తీయడం, ఒక పన్ను జరపడం, పెట్టడం, కోణం కొలవడం, మళ్ళీ తీయడం. ఆ బార్‌ని ఆర్మ్‌కి కలిపే స్ప్రింగ్ ప్లేటు చుట్టూ ఉన్నదీ రబ్బరే, అది కుంగిపోయాక ఎన్నిసార్లు పళ్ళు జరిపినా ఏం లాభం?

పాలీయురేథేన్ సంగతి

బుష్‌లు మార్చడానికి ఒప్పుకున్నవాళ్ళు తర్వాత అడిగేది ఇది. పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఎందుకు వేయకూడదు, గట్టిగా ఉంటుంది, చేత్తోనే ఎక్కించుకోవచ్చు, ప్రెస్ గొడవ లేదు, పాతకాలం బుష్‌లు దొరకని కార్లకి అదే దిక్కు కదా అని. అన్నీ నిజాలే. పాలీ బుష్ మెలి తిరగదు, స్లీవ్ చుట్టూ జారుతూ తిరుగుతుంది, కాబట్టి ఇందాక చెప్పిన ఎత్తు లెక్క కూడా దానికి అంత ముఖ్యం కాదు. డబుల్ విష్‌బోన్‌లో ఆర్మ్ ఒకే ఇరుసు మీద పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి అక్కడ పాలీ బాగానే పనిచేస్తుంది. గ్రీజు ఎండిపోతే కీచుమంటుంది, మళ్ళీ విప్పి గ్రీజు పెట్టాలి, అంతే.

కానీ వెనక సస్పెన్షన్లన్నీ అలా ఉండవు. ఒక పొడుగు లింకు పైకి లేస్తూనే పక్కకి కూడా వాలే చోట్ల బుష్ రెండు మూడు దిక్కులకి వంగాలి. రబ్బరు వంగుతుంది. గట్టి పాలీ వంగనంటుంది, అప్పుడు సస్పెన్షన్ మధ్యలో బిగుసుకుపోతుంది, అది కనిపించని గట్టి స్ప్రింగులా పనిచేసి మలుపులో హఠాత్తుగా పట్టు వదిలేస్తుంది. ఇక వైసాక్ యాక్సిల్ లాంటి వాటిలో రబ్బరు కదలికే ఇంజనీరు ఆలోచన అయినప్పుడు దాన్ని గట్టిదానితో మూసేస్తే ఆ ఆలోచననే తీసి పారేసినట్టు. రోడ్డు మీద నడిపే బండికి, దొరికినంత వరకూ, నా ఓటు కంపెనీ కొలతల రబ్బరుకే. ట్రాక్ కోసమే ఉంచుకున్న బండి అయితే వాదించను, అక్కడ శబ్దం ఎవరికీ పట్టదు.

భయపడాల్సిన చోట భయపడాలి

ఇంట్లో చేసుకోండి అని ఇంత గట్టిగా చెప్తున్నవాడు ప్రమాదాల గురించి చెప్పకపోతే తప్పు. రియర్ వీల్ డ్రైవ్ బండి వెనక ఎత్తినప్పుడు చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, గేర్లో పెట్టినా ఆగేది వెనక చక్రాలే. అవి గాల్లోకి లేచాక నేల మీద ఉన్న ముందు చక్రాలని పట్టుకున్నది ఏదీ లేదు. ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టకుండా జాకీ ముట్టుకోకూడదు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు, బండి కిందికి దూరేముందు స్టాండ్ల మీద కూర్చుందా లేదా అని పక్క నుంచి గట్టిగా ఊపి చూడాలి. బండి పడితే, అది నేను కింద లేనప్పుడు పడాలి.

రెండోది స్ప్రింగు. షాకు మీద కూర్చున్న స్ప్రింగు పై నట్టుతో బిగించి ఉంటుంది, అది ఇంకా నొక్కుకునే ఉంది. స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో స్ప్రింగుని నొక్కి, పై ప్లేటు వదులైందని చేత్తో తిప్పి చూశాకే ఆ నట్టు ముట్టుకోవాలి. స్ప్రింగు చివర వైపు ముఖం పెట్టి కూర్చోకూడదు. ఈ ఒక్క ముక్క నమ్మకం లేనివాళ్ళు స్ప్రింగూ షాకూ కలిపి విప్పకుండా పట్టుకెళ్ళి వర్క్‌షాపులో మార్పించుకురావచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. బ్రేక్ క్యాలిపర్‌ని దాని గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి. హాఫ్ షాఫ్ట్‌ని (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి పోయే ఇరుసుని) కూడా కిందికి వేలాడనివ్వకూడదు, దాని జాయింటు, బూటు పాడవుతాయి.

ఇంట్లో చేయకూడని బండ్లూ ఉన్నాయి, కనీసం ఒంటరిగా. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ వెనక సస్పెన్షన్ మొత్తం ఒక ఇనుప పంజరంలో ఉంటుంది, డిఫరెన్షియల్, దాని పక్కనే బ్రేక్ డిస్కులు, ఒక్కో వైపు రెండేసి స్ప్రింగులు, షాకులు. హాఫ్ షాఫ్టే పై ఆర్మ్ పని కూడా చేస్తుంది. ఆ పంజరాన్ని బాడీకి పట్టి ఉంచేవి మళ్ళీ రబ్బరు మౌంటింగులే. అది సరిగ్గా చేయాలంటే మొత్తం కిందికి దించాలి, ఆ బరువుకి ఇంకో మనిషి, సరైన సామాను లేకుండా దిగడం మంచిది కాదు.

అలైన్‌మెంట్ మాత్రం వాళ్ళ దగ్గరే

పాత గీతలకి ఎక్సెంట్రిక్ బోల్టులు కలిపి బిగించినంత మాత్రాన అలైన్‌మెంట్ వచ్చేసినట్టు కాదు. ఆ గీతలు కుంగిన పాత బుష్‌ల లెక్కకి పెట్టినవి. అవి బండిని మెల్లగా అలైన్‌మెంట్ దాకా తీసుకుపోవడానికి పనికొస్తాయి, అంతకుమించి కాదు. దారం కట్టి ఇంట్లోనే టో చూసుకునేవాళ్ళున్నారు, వాళ్ళ ఓపికకి దండం, కానీ వెనక చక్రాలు రెండూ బండి మధ్యగీతకి సమంగా ఉన్నాయా అన్నది దారంతో నమ్మకంగా తేల్చడం కష్టం. వీల్ నట్లు కూడా టార్క్ రెంచ్‌తోనే, ఎమ్‌ఎక్స్-5కైతే 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు, కాస్త దూరం నడిపాక ఇంకోసారి చూసుకోవాలి. బుష్ బోల్టుల మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే అవి జరిగాయో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

అలైన్‌మెంట్ దగ్గర అడగాల్సినవి అడిగి చేయించుకోవాలి. ఇంత చిన్న బండిలో మనిషి కూర్చుంటేనే లెక్క మారుతుంది, కాబట్టి డ్రైవరు సీట్లో మన బరువంత బరువు పెట్టి చేయమనాలి. వెనక టో రెండు పక్కలా ఒకేలా రావాలి. మొత్తం సరిపోయింది కదా అని ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వదిలేస్తే బండి తిన్నగా పోవడానికి స్టీరింగు వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. ముందూ తర్వాతా కొలతలున్న కాగితం అడిగి తీసుకోవాలి. మా ఫ్రెండ్‌కి ఇంకొకటి కూడా చెప్పాను. కొత్త బుష్‌లు, స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కాస్త సర్దుకుంటాయి, అప్పుడు ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళి కొలిపించుకోవాలి. వాడు ఇప్పుడు బుష్‌లు, బోల్టులు ఆర్డర్ పెట్టాడు. అవి వచ్చేలోపు పాత బోల్టులకి ఆయిల్ పోస్తూ ఉండమన్నాను.